కండువాలో పెసర్లు

“నా కండువ ఏదే?” అని దివాకర్ మూడోసారి అడిగేదాకా అది ఎక్కడుందో నాకు గుర్తు రాలేదు. గుర్తు వచ్చాక చెప్పబుద్ధి కాలేదు, ఎందుకంటే కండువా స్టీలు గిన్నెలో ఉంది, గిన్నె మీద మూత ఉంది, కండువాలో నేను మొన్న నానబెట్టి నిన్న మూటగట్టిన పెసర్లు ఉన్నాయి. ఆయనే వెతుక్కుంటూ వంటింట్లోకి వచ్చి మూత తీశాడు. తెల్లని మొలకలు గుడ్డ నేతలోంచి దూరి, లోపలినుంచి ఎవరో సూదులు గుచ్చినట్టు నిలబడి ఉన్నాయి. “పార్టీ కండువల పెసర్లు కడ్తరా ఎవలన్న?” అన్నాడు. “పాతది గదా అనుకున్న. కొత్తవి నాలుగున్నయి బీరువల, తీస్కో” అన్నాను. “పాతదే గావాలె. పాతది మెడలుంటేనే మనం ఎన్నేండ్ల సంది ఉన్నమో తెలుస్తది. కొత్తది ఏస్కపోతే మొన్న జేరినోని లెక్క కొడ్త.” “ఇప్పుడు గుంజితే మొలకలు ఇరుగుతయి.” “ఇరిగితే ఇరుగుతయి!” “ఇరుగనియ్య.” గడప దగ్గర చాయ్ తాగుతున్న మా అత్త గ్లాసు కింద పెట్టి, “నిన్ను గుర్తువట్టనీకి కండువ గావాల్నారా? గంత ముక్కు పెట్టుకోని!” అంది. ఆయన కొత్త కండువా మెడలో వేసుకుని, నా చెప్పులు కూడా తానే తెచ్చి వాకిట్లో వేసి, ముందు నడిచాడు. కోపం వచ్చినప్పుడు ఆయన ఇలాంటి ఉపకారాలే చేస్తాడు.

అది పొద్దున ఏడున్నరకు. ఇప్పుడు పన్నెండు కావస్తోంది, నేను కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను, బస్సు ఇంకా కదల్లేదు, కదలకపోయినా నాకు తొందర లేదు. పొద్దున మమ్మల్ని తీసుకొచ్చిన కారులో తిరుగు ప్రయాణానికి నాకు జాగా లేకపోయింది. “ఇద్దరు పెద్దమనుషులు ఎక్కుతున్నరు, నువ్వు బస్సుల పోతవా? నీకు టికెట్ గూడ ఫ్రీనే గదా” అన్నాడు దివాకర్. ఎన్నికల్లో నిలబడబోయేది నేను, కారు దొరకనిది నాకు. ఇది అన్యాయమని గాని అవమానమని గాని నాకు తోచలేదు, నిజం చెప్పాలంటే కారు తలుపు మూసుకున్న చప్పుడు వినగానే భుజాలు తేలికయ్యాయి, బస్టాండు బయట బండి మీద ఉడకబెట్టిన పల్లీలు కొనుక్కున్నాను, కాగితం పొట్లం చేతికి వేడిగా తగిలింది. పొట్లం ఒక చేతిలో, ఒళ్ళో చేతిసంచి, సంచిలో గోధుమరంగు కవరు, కవరులో నామినేషన్ కాగితాలు. ఈ రోజే ఆఖరు, అయిదింటి వరకే తీసుకుంటారు. కాగితాలన్నీ ఖాళీ. నాలుగు చోట్ల మాత్రం సంతకం కోసం పెన్సిల్‌తో చిన్న అడ్డగీత గీసి ఉంది. “ఆ నాలుగు జాగల దస్కత్ పెట్టు అనిలా, మిగతాది మేం నింపుకుంటం” అని భూమయ్య సార్ కవరు ఇచ్చారు. ఇప్పుడు మా ఊళ్ళో పార్టీని నడుపుతున్న సార్ నాకు డిగ్రీలో రాజనీతి శాస్త్రం చెప్పారు. అప్పుడు ఆయన చొక్కా జేబులో ఎర్ర పెన్ను ఉండేది, తప్పు మీద అడ్డగీత గీసేవారు. ఇప్పుడు పెన్సిల్.

మా వార్డు కౌన్సిలర్ సీటు ఈసారి ఆడవాళ్ళకు వచ్చింది. ఏళ్ళుగా ఆ కుర్చీ కోసం ఎదురుచూసిన దివాకర్ ముఖం ఆ వార్త తెలిసిన రోజు చిన్నబోయింది, మర్నాడు విప్పారింది, ఎందుకంటే మర్నాటికి నేను గుర్తుకొచ్చాను. నన్ను చూడాలని ఈ రోజు కామారెడ్డిలో పార్టీ పెద్దమనిషి పిలిపించారు. చూశారు కూడా, గోడ మీద క్యాలెండర్‌ను చూసినట్టు. “చెల్లె ఏం జదివింది?” అని దివాకర్‌ను అడిగారు. నేను “బి.ఏ.” అన్నాను. “మంచిదే, దస్కత్ అయితే వస్తది” అన్నారాయన, గదంతా నవ్వింది, భూమయ్య సార్ నవ్వారు, దివాకర్ కూడా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ ఒక్క క్షణాన్ని నేను దాచుకున్నాను. ఆయన మీద కోపం రాబోయినప్పుడల్లా దాన్ని బయటికి తీసి చూసుకోవచ్చు.

బస్సు కదిలింది. కండక్టరమ్మ ఆధార్ చూడకుండానే జీరో టికెట్ కొట్టి ఇచ్చింది, దాని మీద ఊరి పేరు, తేదీ, ఒక సున్నా. ఊరి చివర రైస్‌మిల్లుల దగ్గర తవుడు వాసన కిటికీలోంచి వచ్చింది, వెచ్చగా, కొత్త కుండ మూత తీసినట్టు. పల్లీలో నీళ్ళు ఇంకా ఉన్నాయి, కొరికితే ఉప్పునీరు నాలుక మీదికి చిమ్ముతోంది. రెండు పలుకులున్న కాయ, మూడు పలుకులున్న కాయ, ఒక్క పలుకే ఉండి అది కూడా ముడుచుకుపోయిన కాయ, దానికే ఎక్కువ తీపి. ఇంత చిన్న సంగతి నాకెంత సంతోషంగా ఉంది, ఒళ్ళో ఇంత పెద్ద సంగతి పెట్టుకుని. నాకు ఆశ లేదని చెప్తే అబద్ధం. మొన్న దివాకర్ ఫోన్‌లో ఫ్లెక్సీ నమూనా చూపించినప్పుడు ముందుగా నేను వెతికింది నా ముఖాన్నే. పెద్దమనిషి పెద్దగా, భూమయ్య సార్ పక్కన, దివాకర్ చేతులు జోడించి నిలువెత్తున, మూలకు తపాలాబిళ్ళంత నేను. అయినా పేరు చూసుకుని గుండె ఒకసారి ఎగిరింది. అనిల. కాలేజీ రిజిస్టరులో తప్ప ఆ పేరు అంత పెద్ద అక్షరాల్లో ఎక్కడా పడలేదు. ఆ రాత్రి కూర్చుని మా వార్డుకు ఏమేం కావాలో మనసులో వరసగా పేర్చుకున్నాను కూడా, కల్వర్టు దగ్గర దీపం, అంగన్‌వాడికి గోడ, బస్టాండులో ఆడవాళ్ళకు తలుపు పడే మరుగుదొడ్డి. పేర్చుకుంటుండగా దివాకర్ వచ్చి, “నువ్వేం ఫికర్ వెట్టుకోకు, దస్కత్ పెడ్తె సాలు, కడమది నేను జూస్కుంట” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే చిక్కు.

తాడ్వాయి దాటుతున్నాం. ఈ రోడ్డు మీదే, ఇక్కడో ఇంకొంచెం ముందో, మా పెళ్ళయిన రెండో ఏడు వంటావార్పు చేశాం. రాష్ట్రం కావాలని జనం రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే కూర్చుని తిన్న రోజులు అవి, బస్సులన్నీ బంద్. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేస్తే కింద తారు కరిగి రాళ్ళకు అంటుకుంది, అది నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది, రోడ్డే పొయ్యిని పట్టుకుని వదలనట్టు. నేను కిచిడీ వండాను, మూడు వందల మందికి, అంతకు ముందు నలుగురికి మించి వండిన దాన్ని కాను. భూమయ్య సార్ మోదుగాకు దొప్పలో తీసుకుని రుచి చూసి, “ఉప్పు సరిపోయింది, ఇగ రాష్ట్రం వస్తది” అన్నారు. జనం గొల్లున నవ్వారు. దివాకర్ మెడలో అప్పుడే కొత్తగా ఉన్న ఆ కండువాతో చెమట తుడుచుకుని, అదే కండువాతో కిచిడీ ఉన్న వేడి గంజు దించాడు. నేత గుడ్డ, నీరు పీల్చేది, వేడికి కాలనిది. తర్వాత తర్వాత వచ్చినవన్నీ నైలాన్ కండువాలు, రంగు మెరుస్తుంది, నీరు నిలవదు, పెసర్లు కట్టినా మొలకెత్తవు, నేను కట్టి చూశాను. రాజకీయాలు నాకు ఎక్కడ తేడా కొట్టాయో చెప్పమంటే ఉపన్యాసం ఇవ్వలేను, ఆ రెండు గుడ్డలూ చేతికిచ్చి ముట్టుకు చూడమంటాను.

కాని ఇదంతా గుడ్డల మీదికి తోసేయడం. అసలు సంగతి గుడ్డలో లేదు, నా చేతిలో ఉంది. రెండేళ్ళ కింద సర్కారు ఇళ్ళ కోసం పక్కా ఇల్లు లేనివాళ్ళ జాబితా తయారు చేయడానికి వార్డు కమిటీ వేశారు, మహిళా సంఘం తరఫున నన్ను పెట్టారు. భూమయ్య సారే పెట్టించారు, “నువ్వైతే సక్కగ జేస్తవ్” అని. చక్కగానే చేశాను. ఎండాకాలం, సరిగ్గా ఈ వేళకే, పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య ఇల్లిల్లూ తిరిగాను, అప్పుడైతే ఎండ నిలువుగా పడుతుంది. బయట నిలబడి గోడలు చూస్తే ఏమీ తెలియదు, లోపలికి పోయి తలుపు మూయించి నేల మీద కూర్చునేదాన్ని. కప్పులో చిల్లి ఉంటే నేల మీద వెలుతురు చుక్క పడుతుంది. ఆ చుక్కలు లెక్కపెట్టి రాసుకునేదాన్ని. ఒక ఇంట్లో నాలుగు, ఒక ఇంట్లో పదకొండు. సాలవ్వ ఇంట్లో ఇరవై మూడు దాకా లెక్కపెట్టాను, ఆపైన చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. సాలవ్వ నాకు మంచినీళ్ళిచ్చి, “పగటీలి దీపం ఖర్సు లేదు బిడ్డా నాకు” అంది. చుక్కల వరసలో జాబితా రాశాను, ఎక్కువ ఉన్నవాళ్ళు పైన. సార్‌కు ఇస్తే, “మంచిగుంది, టైపు చేయిస్త, కింద దస్కత్ పెట్టు” అని తెల్ల కాగితాలు మూడు ముందు పెట్టారు. ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టకూడదని సంఘంలో నలభై మంది ఆడవాళ్ళకు చెప్పినదాన్ని నేను. పెట్టాను. పాఠం చెప్పిన మనిషి ముందు నేను మళ్ళీ మొదటి బెంచీలో కూర్చున్నట్టయింది. పదిహేను రోజులకు జాబితా గోడకు అంటించారు. మొదటి పేరు ఎంకయ్య. మా వీధి చివర రెండంతస్తుల ఇల్లు ఆయనది, నేను ఆ ఇంట్లోకి పోనే లేదు, స్లాబులో చుక్కలేం పడతాయి. సాలవ్వ పేరు లేదు. అడుగున, పొందిగ్గా, నా సంతకం.

ఎక్కడ, ఎవరి బల్ల మీద మారిందో నాకు తెలియదు. సార్‌ను అడిగితే “అన్నీ ఒక్కసారి గావు అనిలా, మళ్ళ విడతల జూద్దం” అన్నారు, దివాకర్‌ను అడిగితే “ఇడిసెయ్యి, మనమేమన్న తిన్నమా?” అన్నాడు. తినలేదు. దివాకర్ తినే మనిషి కాదు, తినేవాళ్ళ పక్కన కూర్చుని నీళ్ళు తాగే మనిషి. ఆ తర్వాత నేను సంఘం మీటింగులు మానేశాను, టీవీలో అరుపుల చర్చలు మానేశాను, పేపర్లో మొదటి పేజీ మడిచి వంటింటి అరల్లో పరిచాను. మొదట్లో అది అలగడమే. వంటింట్లోకి పోయి తలుపేసుకున్నట్టు. కాని తలుపు వేసుకున్నాక లోపల ఏముందో కనిపించడం మొదలైంది, అది నేను ఊహించలేదు. పొద్దున ఏడుకు ముందు ఎండ మా స్టీలు గిన్నెల అర మీద పడితే గోడంతా వెలుతురు చేపపిల్లలు ఈదుతాయి. బియ్యం మూడోసారి కడిగిన నీళ్ళు కరివేపాకుకు పోస్తే ఆకు పచ్చగా నిగనిగలాడింది. మా అత్త బెండకాయలు తరిగితే ఒక్కోటి ఒక్కో కొలత, నేను తరిగితే అన్నీ వేలి కణుపంత, దాని మీద మాకు రోజూ పోట్లాట, ఆ పోట్లాట లేని రోజు ఇద్దరికీ తోచదు. మా పిల్ల బడి నుంచి వచ్చి ముందు బూట్లు కాదు, సాక్సులు విప్పుతుంది, బూటులోంచి కాలు తీసి సాక్సు లాగి మళ్ళీ బూటులో పెడుతుంది, ఎందుకో ఇప్పటికీ అడగలేదు, అడిగితే మానేస్తుందేమోనని. ఇక దివాకర్ షాపు. మోటర్ వైండింగ్ షాపు మాది, చుట్టుపక్కల పొలాల మోటర్లన్నీ కాలిపోతే ఆయన దగ్గరికే వస్తాయి. స్క్రూడ్రైవర్ ఒక కొన మోటర్‌కు, ఇంకో కొన చెవికి ఆనించి కళ్ళు మూసుకుని వింటాడు, “బేరింగ్” అంటాడు, అంతే. రాగి తీగ చుట్టేటప్పుడు పలకరిస్తే పలకడు, ఒక్క చుట్టు తక్కువైనా మళ్ళీ మొదటినుంచి విప్పుతాడు. భోజనం క్యారేజీ పట్టుకుపోయి ఆయన చుట్టడం పూర్తయ్యేదాకా స్టూలు మీద కూర్చోవడం నా రోజులో మంచి భాగం. వార్నిష్ వాసన, రాగి మీద ఎండ. ఈ మధ్య ఆ షాపు షట్టర్ సగం దించి ఉంటోంది.

ఇదంతా పారిపోవడమా? ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, పప్పు మరుగుతున్నప్పుడు మూత ఎగిరినట్టు వస్తుంది, నేను మూత కొంచెం పక్కకు జరుపుతాను, అణుగుతుంది. నేను పెట్టకపోతే ఇంకొకామె పెడుతుంది ఆ నాలుగు సంతకాలు, ఆమె భర్త కారులో వస్తాడు, ఆమె బస్సులో వస్తుంది. నేను పెడితే కనీసం బస్టాండులో మరుగుదొడ్డికి తలుపు పెట్టించగలనేమో. దివాకర్ ఆశ తీరుతుంది, ఆయన ఆశ చెడ్డది కాదు, పదిమంది “అన్నా” అని పిలవాలని, అంతే. కిటికీ బయట నాట్లు వేస్తున్నారు, మోకాళ్ళ లోతు బురదలో ఆడవాళ్ళు వరసగా వెనక్కి అడుగులేస్తూ, వేసినంత మేర పచ్చగా ముందు మిగులుతూ. సంచిలోంచి కవరు తీశాను. పెన్ను కూడా తీశాను. బస్సు కుదుపులకు సంతకం వంకర పోతుంది, లింగంపేటలో ఆగినప్పుడు పెడదాం అనుకున్నాను.

లింగంపేటలో బస్సు ఆగింది, ఎక్కేవాళ్ళ తోపులాటలో ఒక బట్టసంచి ముందు వచ్చింది, దాని వెనక సాలవ్వ. నన్ను చూసి, నా పక్క సీటు చూసి, ధబాలున కూర్చుంది. “ఓ అనిలమ్మ! బస్సుల వస్తున్నవేంది, లీడరమ్మకు కారు పెట్టలేరా?”

“కార్ల జాగ లేదట సాలవ్వా.”

సాలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని సీటు ఊగేలా నవ్వింది. నవ్వి నవ్వి, “మంచిగనే అయింది. నువ్వు కార్ల పోతే నా అనపకాయలు ఎవ్వలు ఒలుస్తరు?” అని సంచి విప్పింది. లింగంపేటలో బిడ్డ ఇంటికి పోయి వస్తోందట, బిడ్డ చేలో అనపకాయలు. ఆ వాసన బస్సంతా కమ్ముకుంది, నూనె, పచ్చి ఆకు, కొంచెం మట్టి. వేసుకోవడానికి ఏమీ లేక నా ఒళ్ళో ఉన్న కవరునే పళ్ళెంలా పరిచాను. కాయ చీరి గింజ తీయడం చేతులకు మాట్లాడుకుంటూ చేసే పని, కళ్ళతో అవసరం లేదు. కాయ జిడ్డు వేళ్ళకు అంటింది, వేళ్ళనుంచి కవరుకు.

“నిలబడుతున్నవట. మంచిదే బిడ్డా” అంది సాలవ్వ.

నేను ఇంకో కాయ తీసుకున్నాను. పది కాయలు ఒలిచాక, పక్కింటి కబురు చెప్తున్నంత మామూలుగా అంది: “గా ఇండ్ల కాయితం గోడకు అంటిచ్చినప్పుడు మా కోడలు జదివింది. కింద నీ దస్కత్ ఉన్నదని జెప్పింది. నేననుకున్న, మాకు సదువు రాదు, ఏడ ఏలువెట్టమంటె ఆడ పెడ్తం. సదువుకున్నోళ్ళు గూడ గట్లనే పెడ్తరు గావచ్చు అని.”

రెండేళ్ళు. రెండేళ్ళుగా రోజు విడిచి రోజు మా ఇంటి ముందునుంచి పోతూ “ఏం కూర బిడ్డా?” అని అడిగిన మనిషి. నా చేతిలో కాయ చీలలేదు. “మరి నన్ను అడగలేదేంది సాలవ్వా?” అన్నాను.

“ఏమని అడుగుత? నువ్వు నా ఇంట్ల కింద గూసోని సుక్కలు లెక్కవెట్టినవు. లీడర్లు మస్తుమంది వచ్చిండ్రు, ఎవ్వలన్న కూసున్నరా?” అని, ఒక గింజ నోట్లో వేసుకుని, “ముదిరింది” అని ఉమ్మేసింది.

కోపంగా అని ఉంటే తేలికగా ఉండేది. ఆమె నన్ను క్షమించలేదు, నిందించలేదు, తనతో పాటు వేలిముద్రల వరసలో కూర్చోబెట్టుకుంది, జరిగి చోటు ఇచ్చినట్టు. నేను ఈ రెండేళ్ళూ అనుకున్నది నన్ను మోసం చేశారని. సాలవ్వకు కనిపించింది నేను చదవకుండా పెట్టానని. రెండూ నిజమే, కాని నేను మార్చగలిగేది రెండోది. నా వంటిల్లు, నా చేపపిల్లల ఎండ, నా వేలి కణుపు బెండకాయలు, వాటిలో దొంగతనమేమీ లేదు, అవి పారిపోయి దాక్కున్నవి కావు, అవి నావే, ఈ వేళ అనపకాయల వాసన నాదైనట్టు. దొంగతనం ఒక్కచోటే ఉంది, గోడ మీద కాగితం అడుగున, ఇప్పటికీ. దాన్ని అలా వదిలి ఏ పప్పు ఎంత బాగా మరిగినా మూత ఎగురుతూనే ఉంటుంది. బస్సు మలుపు తిరిగింది, ఎండ మా ఒళ్ళో పడి పచ్చని గింజలు ఒక్కసారిగా మెరిశాయి, కవరు మీద జిడ్డు మరక రొట్టె అంత పరుచుకుని ఉంది, నాకు నవ్వొచ్చింది.

“సోమారం నాట్లున్నయా సాలవ్వా నీకు?”

“ఉన్నయి. ఎందుకు?”

“ఒక్కరోజు పోకుంటే నడుస్తదా?”

“కైకిలి పైసలు నువ్విస్తవా?” అని మళ్ళీ నవ్వింది. ఎల్లారెడ్డిలో దిగేటప్పుడు గింజలన్నీ నా సంచిలోనే పోసింది, సగం తీసుకోమంటే, “సంచిల ఇంక మస్తు కాయలున్నయి, మా కోడలు ఒలుస్తది తియ్యి” అంది.

ఇల్లు చేరేసరికి ఒకటింబావు. అన్నం అత్త వార్చి పెట్టింది. అనపగింజలు, రెండు వంకాయలు పొయ్యి మీదికి ఎక్కించి, గిన్నె మూత తీసి కండువా ముడి విప్పాను. మొలకలను గుడ్డనుంచి గుంజకుండా గుడ్డనే నీళ్ళలో ముంచితే మెల్లగా వాటంతటవే వదిలాయి, ఆ సంగతి పొద్దున తోచి ఉంటే గొడవే లేదు. నాలుగు విరిగాయి, వాటిని నేను తిన్నాను. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి మిగతావి తాలింపు పెట్టాను. కండువా పిండి వాకిట్లో దండెం మీద ఆరేశాను, ఎండకు ఆవిరి లేచింది.

పెద్దమనుషులను దింపి దివాకర్ రెండున్నరకు వచ్చాడు. కొత్త కండువా అంచు రాసుకుని మెడ ఎర్రబడింది. దండెం వైపు ఒకసారి చూశాడు, కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ముగ్గురం కింద కూర్చున్నాం, మధ్యలో గిన్నెలు. మొదటి ముద్దకే, “అనపకాయలేడియి?” అన్నాడు, ముఖంలో పొద్దున్నుంచి లేని వెలుగు. “సాలవ్వ ఇచ్చింది” అన్నాను. అత్త పెసర్ల కూర నోట్లో పెట్టుకుని, “కండువ వాసనైతే రాలే” అంది. ఆయనకు నవ్వు ఆగక పొలమారింది, నీళ్ళు అందించాను. నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, అడిగాడు: “దస్కత్ పెట్టినవా? నాలుగింటికల్ల సార్ వస్తనన్నడు.”

కవరు తెచ్చి ఆయన పక్కన పెట్టాను. “ఇదేంది, నూనె అంటింది!” అని విప్పి, ఒక్కో కాగితం తిప్పాడు. నాలుగు పెన్సిల్ గుర్తులు అలాగే ఉన్నాయి, పక్కన ఏమీ లేదు.

“పెట్టలేదు. పెట్ట గూడ పెట్ట” అన్నాను. “నువ్వు మోటర్ ఇప్పి జూడకుంట బాగున్నదని ఎవ్వలకన్న జెప్తవా?”

“చెప్ప.”

“ఒక్క సుట్టు తక్కువ సుట్టి మూత బిగిస్తవా?”

కూరలో ఆయన వేళ్ళు ఆగిపోయాయి. పొద్దున ఆ గదిలో నవ్వడానికి ముందు ఆగిన క్షణం లాంటిదే ఇది, కాని ఈసారి దాటిపోలేదు, అక్కడే నిలబడింది. “సార్‌కు ఏం జెప్పాలె నేను?” అన్నాడు చివరికి, చిన్నగా.

“నువ్వు జెప్పొద్దు, నేనే జెప్త. ఇగ సోమారం సాలవ్వను తీస్కోని కామారెడ్డి పోత, కలెక్టర్ ఆఫీసుల అర్జీలు తీస్కునే రోజు గదా. ఆ ఇండ్ల కాయితం మీద దస్కత్ నాదే, లిస్టు మాత్రం నాది గాదు, ఖాళీ కాయితం మీద పెట్టిన, నాదే తప్పు అని రాసిస్త. నా దగ్గర సుక్కలు రాసుకున్న బుక్కు ఉన్నది, అది గూడ జత జేస్త. అయితదో కాదో నాకు దెల్వది, కాదనే అనుకుంటున్న. కాని ఆ అర్జీ మొత్తం నేనే రాస్త, రాసినంక ఒకసారి జదివి, అప్పుడు పెడ్త దస్కత్. అటెంక బస్టాండ్ల ఇద్దరం మిర్చిబజ్జీలు తిని, కిటికి పక్క సీటు జూస్కోని వస్తం.”

అత్త నా వైపు, కొడుకు వైపు చూసింది. దివాకర్ కాగితాలు మళ్ళీ కవరులో పెట్టాడు, జిడ్డు మరక మీద బొటనవేలితో ఒకసారి రాశాడు, అది పోలేదు. కవరు గోడ వైపు జరిపి, పళ్ళెం ముందుకు జరుపుకున్నాడు.

“పెసర్లు ఇంకింత ఎయ్యి” అన్నాడు.

వేశాను. గరిట గిన్నెలో పెట్టి, ఇంకో మాట మిగిలి ఉందని గుర్తొచ్చి చెప్పాను: “సోమారం నేను మాపటికి గాని రాను. కూర పొద్దుగాల్నే అండి పెడ్త. అన్నం మాత్రం మీరే అండుకోవాలె.”